శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో ముందు చెప్పుకుని

ఈ ఏడాది ఉగాది మార్చి 19, గురువారం నాడు వచ్చింది. పూజగది ముందు కూర్చుని పుస్తకం చూసి సంకల్పం చదువుతూ, సంవత్సరం పేరు చెప్పవలసిన చోటికి రాగానే నా గొంతు ఒక్క క్షణం తటపటాయించింది. “పరాభవ నామ సంవత్సరే” అని పైకి అనాలి. పరాభవం అంటే ఓటమి, అవమానం. పచ్చడి గిన్నె ఎదురుగా పెట్టుకుని, కొత్త చీర కట్టుకుని, ఏడాది మొదటి రోజున ఆ మాట పలకడానికి నోరు అంత సులువుగా రాలేదు. పక్కన కుర్చీలో కూర్చున్న అమ్మ కళ్ళు తెరవకుండానే, “చదువమ్మా, అది ఏడాది పేరు. మనకు పెట్టిన పేరు కాదుగా” అంది.

అరవై సంవత్సరాల చక్రంలో పరాభవ నలభయ్యవది. ఇంతకుముందు అది వచ్చింది 1966లో. అప్పటికి అమ్మకు పద్నాలుగేళ్ళు. ఆ ఏడాది గురించి ఏం గుర్తుందని అడిగితే, “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అంటూ ఊరేగింపులు జరగడం, బళ్ళు మూతపడటం గుర్తున్నాయని చెప్పింది. ఆ నవంబరులో విశాఖలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అంత నష్టం చూసిన ఆ కోరిక 1971 జనవరిలో శంకుస్థాపన దాకా వెళ్ళింది. అమ్మ ఈ సంగతిని విశేషంగా ఏమీ చెప్పలేదు, అడిగాను కాబట్టి చెప్పింది అంతే. నాకు మాత్రం ఆ పేరు పలకడానికి పడ్డ బెరుకు దానితో తగ్గింది.

ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి జనవరి ఒకటో తేదీకీ తీర్మానాలు రాసుకున్న మనిషిని నేను. ఈసారి రాసుకోలేదు. వాటికి బదులుగా ఉగాదినాడు నాలుగు సంకల్పాలు చెప్పుకున్నాను. సంకల్పం అన్న మాటను ఇక్కడ తీర్మానానికి మరో పేరుగా వాడటం లేదు. పూజ మొదట్లో మన ఇళ్ళలో చదివే సంకల్పం ఉంది కదా, ఆ నమూనాలోనే చెప్పుకున్నాను. ఎందుకు అలా చేశానో చెప్పాలంటే కిందటి ఏడాది ఫిబ్రవరిలో జరిగిన ఒక సంగతి ముందు చెప్పాలి.

2025 జనవరి ఒకటిన, ఒక బ్యాంకు వాళ్ళు ఇచ్చిన డైరీ మొదటి పేజీలో ఎప్పటిలాగే రాశాను. ఉదయం ఐదింటికి లేవడం, రోజుకు పదివేల అడుగులు, తీపి పూర్తిగా మానెయ్యడం, ఏడాదిలో యాభై పుస్తకాలు చదవడం. బయట వీధిలో ధనుర్మాసపు ముగ్గుల మధ్య రంగులతో ‘హ్యాపీ న్యూ ఇయర్’ అన్న అక్షరాలు ఇంకా చెదరలేదు. ఆ ఉదయం నిజంగానే నేను వేరే మనిషినైనట్టు అనిపించింది. సంక్రాంతికి ఏలూరు వెళ్ళినప్పుడు పిన్ని చేసిన అరిసెతో తీపి సంగతి ముగిసింది. ఐదింటికి లేవడం నెలాఖరు లెక్కలతో ముగిసింది. నేను ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను, నెలలో చివరి ఐదు రోజులు ఇంటికి చేరేసరికి తొమ్మిది దాటుతుంది. ఆంధ్రులు ఆరంభశూరులన్న మాట చిన్నప్పటి నుంచి ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. ఆ మాట నా మనసులో ఎంత లోతుగా దిగిందంటే, ఏ పని మధ్యలో ఆగినా, ఆగిన కారణం కంటే ముందు ఆ మాటే వినబడేది. అందుకని ఆ ఏడాది మిగిలిన ఒక్క తీర్మానాన్ని, ఆ పదివేల అడుగులను, ఎలాగైనా నిలబెట్టాలని పట్టుబట్టాను.

ఫిబ్రవరిలో అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. రెండో రాత్రి ఆమె దగ్గర నేను ఉన్నాను. పదకొండు దాటాక అమ్మ నిద్రపోయిందనుకుని చేతి వాచీ చూసుకుంటే 8,400 అడుగులు చూపించింది. ఇంకా 1,600 కావాలి. గది బయట వరండా లిఫ్టు దగ్గర నుంచి నర్సుల బల్ల వరకు ఎనభై అడుగులు ఉంటుంది. ఇరవైసార్లు తిరిగాను. లెక్క తప్పకూడదని వేళ్ళ మీద గుర్తు పెట్టుకుంటూ తిరిగాను. ఇరవయ్యోసారి వెనక్కి వస్తుంటే వాచీ మణికట్టు మీద వణికి, అద్దం మీద రంగు రంగుల చుక్కలు ఎగజిమ్మింది. లోపలికి వెళ్ళి చూస్తే అమ్మ మేలుకునే ఉంది. బల్ల మీది నీళ్ళ సీసా అందుకోబోయి మీద ఒలకబోసుకుంది. దుప్పటి అంచు, జాకెట్టు చెయ్యి తడిసి ఉన్నాయి. “రెండుసార్లు పిలిచాను. నిద్రపోతున్నావేమోనని మళ్ళీ పిలవలేదు” అంది. తప్పంతా తనదే అన్నట్టు చెప్పింది. ఆమె జాకెట్టు మారుస్తున్నంతసేపూ ఆ వాచీ ఇంకా మెరుస్తూనే ఉంది.

ఆ రాత్రి తరువాత కొన్ని నెలలు నేను ఏ తీర్మానమూ తలపెట్టలేదు. డైరీ తీసి బీరువాలో పడేశాను. అయితే ఏమీ పెట్టుకోకుండా ఉండటం కూడా నాకు సరిపడలేదని ఒప్పుకోవాలి. రోజులు వాటంతట అవి దొర్లిపోతుంటే, సాయంత్రానికి దేని కోసం ఇంత అలిసిపోయానో తెలియని ఒక దిగులు ఉండేది. మనిషికి ఏదో ఒక వైపు మొగ్గు కావాలి. ఆ మొగ్గు మనిషిని కొరడాతో తోలకూడదు, అంతే. ఆ రెండింటికీ మధ్య ఏముందో నాకు అప్పటికి తెలియదు.

అది తెలిసింది ఆగస్టు 27న, వినాయక చవితినాడు. ముందురోజు నుంచి తెలంగాణలో కుండపోత వానలు. మా వారు డ్యూటీ వల్ల రాలేకపోయారు, అబ్బాయి హాస్టల్లో ఉన్నాడు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆయన పూజ పుస్తకాలన్నీ ఒక సంచిలో వేసుకుని తెచ్చింది. అందులోంచి వ్రతకల్పం తీసి నా చేతికిచ్చి, “ఈసారికి నువ్వు చదువు” అంది. పసుపు మరకలతో అట్ట ఊడిపోయి, దారంతో కుట్టిన పుస్తకం అది. నాన్న గొంతులో ముప్పై ఏళ్ళు విన్న సంకల్పాన్ని నేను కళ్ళతో చూసి చదవడం అదే మొదటిసారి.

సంకల్పం ఎక్కడ మొదలవుతుందో మీకూ తెలుసు. శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే అంటూ ఊహకందనంత పెద్ద కాలంలో మొదలై, జంబూద్వీపే, భరతవర్షే అంటూ నేల మీదికి దిగి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పి, చివరికి మనం కూర్చున్న ఇంటి గడపలోకి వస్తుంది. మా పుస్తకంలో “శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్య దేశే” అని ఉంది. చిన్నప్పుడు ఆ వాక్యం ప్రత్యేకంగా మా ఊరి కోసమే రాశారని నమ్మేదాన్ని. ఏలూరులో కృష్ణా కాలువా గోదావరి కాలువా వచ్చి కలుస్తాయి, కాబట్టి రెండు నదుల మధ్య అంటే మా ఊరే అనుకునేదాన్ని. ఆ అలవాటు మీదే గుక్క తిప్పుకోకుండా చదువుకుపోతున్నాను. అమ్మ ఆపింది.

“ఈశాన్య కాదమ్మా. ఇక్కడ వాయువ్య అనాలి. మీ నాన్న ఈ ఊరొచ్చినప్పుడల్లా మార్చి చదివేవారు.”

నిజమే. మల్కాజిగిరిలో మేం ఉన్న ఈ రెండో అంతస్తు శ్రీశైలానికి వాయవ్యంలో ఉంది. ఏలూరుకు ఈశాన్యం, హైదరాబాదుకు వాయవ్యం. మళ్ళీ మొదలుపెట్టి, ఆ తరువాతి మాట దగ్గరికి వచ్చాను. అక్కడ నాన్న పెన్సిలుతో రాసుకున్న గుర్తులున్నాయి. ముందు “వసతి గృహే” అని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, పైన “స్వగృహే” అని రాసుకున్నారు. అద్దె ఇంట్లో ఉంటే వసతి గృహే అనాలనీ, సొంత ఇంట్లో ఉంటే స్వగృహే అనాలనీ పుస్తకంలోనే చిన్న అక్షరాలతో ఉంది. పవరుపేటలో అద్దెకున్నన్నాళ్ళూ ఆయన మొదటి మాట చదివేవారు. 1994లో ఊరి చివర ఇల్లు కట్టుకున్నాక మొదటి వినాయక చవితికి ఆ రెండో మాట దగ్గర ఆయన గొంతు ఎందుకో తగ్గింది. మేం పిల్లలం వెనక కూర్చుని ఉన్నాం. అమ్మ కొంగు అంచు నోటికి అడ్డం పెట్టుకోవడం నాకు గుర్తుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు నేను చదవవలసింది కొట్టేసిన మాట. మేం అద్దెకుంటున్నాం. “వసతి గృహే” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాలో చిన్నతనం ఏమీ కలగలేదు. ఉన్న చోటును ఉన్నట్టు చెప్పడంలో ఒక రకమైన విశ్రాంతి ఉందని మొదటిసారి అనిపించింది.

తీర్మానానికీ దీనికీ తేడా నాకు అక్కడ పట్టుబడింది. డైరీ మొదటి పేజీలో నేను ఎన్నడూ ఉన్న చోటుతో మొదలుపెట్టలేదు. నెలలో ఐదు రోజులు రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే మనిషినని గాని, నిద్రలో కూడా ఒక చెవి అమ్మ గది వైపు ఉంచి పడుకునే మనిషినని గాని రాసుకోలేదు. ఎవరో తీరికైన, అలుపు లేని, ఏ బంధమూ అడ్డురాని మనిషి కోసం ఆ నాలుగు వాక్యాలూ రాసి, ఏడాదంతా ఆ మనిషిని కాలేకపోయినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. సంకల్పం అలా కాదు. కోరిక దగ్గరికి రావడానికి ముందు కాలం, దేశం, ఇల్లు, గోత్రం, పేరు అన్నీ చెప్పిస్తుంది. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురి ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పురోహితుడు జంబూద్వీపే అనకుండా క్రౌంచ ద్వీపే అని చదివారట. సముద్రాలు దాటి వెళ్ళినా, ముందు నువ్వు ఎక్కడున్నావో చెప్పు అనే అడుగుతుంది ఆ మంత్రం.

ఆ రోజు బుధవారం. సంకల్పంలో బుధవారాన్ని సౌమ్యవాసరం అంటారు. ఆ మాట చదివి ముందుకు వెళితే, ఇన్నేళ్ళూ వింటూ ఒక్కసారి కూడా పట్టించుకోని వరుస ఒకటి వచ్చింది: “సంభవద్భిరుపచారైః, సంభవతా నియమేన, సంభవితా ప్రకారేణ, యావచ్ఛక్తి”. దొరికిన ఉపచారాలతో, కుదిరిన నియమంతో, వీలైన పద్ధతిలో, శక్తి ఉన్నంత మేరకు. పూజ మొదలు కాకముందే, మాట ఇచ్చే చోటనే, ఈ సడలింపు పెట్టుకున్నారు మన పెద్దలు. తప్పిన తరువాత వెతుక్కునే సాకుగా కాకుండా, ఇచ్చే మాటలోనే ఒక భాగంగా పెట్టారు. నాకు తెలిసి దేవుడి ముందు ఇంత నిజాయితీగా మాట ఇచ్చే పద్ధతి ఇంకొకటి లేదు.

పత్రి దగ్గర అది ఎలా పని చేస్తుందో కళ్ళారా చూశాను. ఏకవింశతి పత్ర పూజకు ఇరవై ఒక్క రకాల ఆకులు కావాలి. మాచీ పత్రంతో మొదలుపెట్టి అర్క పత్రం వరకు ఒక్కొక్క పేరే చెబుతూ ఒక్కొక్కటే సమర్పించాలి. వానకు బజారులో సరుకు సరిగా రాలేదు. నేను కొని తెచ్చిన కట్ట విప్పితే తొమ్మిది రకాలు ఉన్నాయి, అందులో రెండు వడిలిపోయాయి. నాకు ఉసూరుమనిపించింది. అమ్మ మాత్రం పళ్ళెంలో ఆకులు వేరుచేసి పెడుతూ, “ఉన్నవాటికి ఆకు వెయ్యి, లేనివాటికి అక్షతలు వెయ్యి. పేరు మాత్రం మానకు” అంది. అలాగే చేశాను. మారేడు దగ్గర ఆకు, ఉమ్మెత్త దగ్గర అక్షతలు, తులసి దగ్గర ఆకు, దేవదారు దగ్గర అక్షతలు. ఆభరణాల దగ్గరా అక్షతలే. వస్త్రం దగ్గర అమ్మ కుంకుమ అద్ది చేసిన దూది వస్త్రం. పూజ ఎక్కడా ఆగలేదు. చివర్లో “మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం” అంటూ, మాటలో, చేతలో, మనసులో వచ్చిన లోపాలన్నీ ఒప్పుకుని, చేసినంతే నిండుగా అగుగాక అని వేడుకుని లేచాం.

పేరు మాత్రం మానకు అన్న అమ్మ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. నేను ఇన్నేళ్ళూ చేసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. పది ఆకులు తక్కువైతే పూజే మానేశాను.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో పరిశోధకులు అలవాట్లు ఎలా స్థిరపడతాయో తెలుసుకోవడానికి 96 మందిని గమనించి, ఆ ఫలితాలను 2010లో ప్రచురించారు. రోజూ ఒకే సందర్భంలో చేసే ఒక చిన్న పని దానంతట అది జరిగిపోయే స్థితికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది. కాని ఆ సగటు వెనక 18 రోజుల నుంచి 254 రోజుల వరకు తేడా ఉంది. అందరూ చెప్పే ఇరవై ఒక్క రోజుల లెక్కకు అందులో ఆధారం కనబడదు. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది మరొకటి. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు కుదురుకోవడానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని వాళ్ళు గమనించారు. ఒక్క రోజు తప్పితే అంతా పోయిందని డైరీ మూసేసిన నాకు, ఆ ఒక్క వాక్యం ఇరవై ఏళ్ళ ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇదంతా చదివి, కఠినమైన నియమాలన్నిటినీ నేను కాదంటున్నానని అనుకోకండి. మా అన్నయ్య ఎనిమిదేళ్ళు వరుసగా అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు నేల మీద పడక, చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం ఏదీ తప్పలేదు. కాని ఆ దీక్షకు ఒక ముగింపు ఉంది. మాల వేసిన గురుస్వామి ఉన్నాడు, పక్కన అదే నియమంలో ఉన్న నలుగురు స్వాములు ఉన్నారు, చూడగానే వీధంతా గుర్తుపట్టి దారిచ్చే నల్లబట్టలు ఉన్నాయి. ఇంట్లో వదిన తెల్లవారుజామునే లేచి అతని కోసం మడిగా వండి పెట్టేది. జనవరి తీర్మానం కూడా దీక్ష అంత కఠినంగానే ఉంటుంది, కాని దానికి గురువు లేడు, తోడు లేదు, విరమణ లేదు. మనిషిని ఒంటరిగా నిలబెట్టి మూడు వందల అరవై అయిదు రోజులు మోయమంటుంది. అది మోయలేకపోవడాన్ని బలహీనత అనడం న్యాయం కాదని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ఈ ఉగాదికి నేను చేసింది ఇది. పూజ అయ్యాక ఒక కాగితం తీసుకుని, ముందు నేనెక్కడున్నానో రాశాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని. శ్రీశైలానికి వాయవ్యంలో, అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో ఉన్నాను. లిఫ్టు ఉన్నా తరచు పని చెయ్యదు. డెబ్బై నాలుగేళ్ళ అమ్మ నా దగ్గర ఉంది, ఆమె కుడికాలు ఇంకా పూర్తిగా వంగదు. నెలాఖరు ఐదు రోజులు నావి కావు. నాకు ఈ మధ్య నిద్ర సరిగా పట్టడం లేదు. ఏలూరు ఇల్లు అమ్మే విషయంలో అన్నయ్యకూ నాకూ మాట పట్టింపు వచ్చి రెండేళ్ళవుతోంది. ఇదంతా రాయడానికి చాలాసేపు పట్టింది, సంకల్పాలు రాయడానికి పట్టిన దానికంటే ఎక్కువే పట్టింది. చివరి వాక్యం దగ్గర కలం పక్కన పెట్టి కాసేపు బాల్కనీలోకి వెళ్ళి వచ్చాను.

తరువాత రాసిన నాలుగింటిలో మొదటిది నడక. అంకె లేదు. సాయంత్రం అమ్మతో కలిసి, అమ్మ నడిచే వేగంతో, మా సందు చివర వేపచెట్టు దాకా. కుదరని రోజున ఆమెను బాల్కనీ కటకటాలు పట్టుకుని నిలబెట్టి, నేనూ పక్కన నిలబడాలి. ఆ రోజుకు అవే అక్షతలు. ప్రతి సంకల్పం పక్కనా ఇలా అక్షతలేమిటో ముందే రాసుకున్నాను, ఎందుకంటే అలిసిపోయి ఇంటికి వచ్చాక బదులు ఏం చెయ్యాలో ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు. రెండోది రాత్రి పడుకునే ముందు ఒక పేజీ చదవడం. అక్షతలు, పుస్తకం తలగడ పక్కన ఉండటం. దీని గురించి ఇంకా చెప్పేదేమీ లేదు.

మూడోది అన్నయ్య. ఆదివారం నాడు ఫోను చేసి, ఇంటి ఊసెత్తకుండా మాట్లాడాలి. మాట కలపాలనీ, పాత రోజులు తిరిగి రావాలనీ రాసుకోలేదు. అది నా ఒక్కదాని చేతిలో ఉన్నది కాదు. ఫోను చెయ్యడం నా చేతిలో ఉంది. చెయ్యలేని ఆదివారం అమ్మ ఫోటో ఒకటి తీసి పంపాలి, పక్కన ఏ వ్యాఖ్యా లేకుండా. మొదటి ఆదివారం ఫోను చేస్తే ఎత్తలేదు. రెండో ఆదివారం అమ్మ చిక్కుడుకాయలు వలుస్తున్న ఫోటో పంపాను. సాయంత్రానికి “నారలు సరిగా తియ్యడం లేదని చెప్పు” అని జవాబు వచ్చింది. అమ్మకు చదివి వినిపిస్తే, “వాడికేం తెలుసు” అంటూ రెండుసార్లు చదివించుకుంది.

నాలుగోది రాయడం కష్టమైంది. నాతో నేను మాట్లాడేటప్పుడు, మా అబ్బాయితో అనని మాట అనకూడదని రాసుకున్నాను. వాడు ఇంటర్ మొదటి ఏడు లెక్కల్లో తప్పి ఇంటికి వచ్చినప్పుడు వాడికి అన్నం పెట్టి, మర్నాడు కూర్చుని ఎక్కడ పోయిందో చూద్దామన్నాను. నీ వల్ల ఏదీ కాదని గాని, ఆరంభశూరుడివని గాని ఆ రోజు నా నోట రాలేదు. అదే మాట ఇన్నేళ్ళూ నాకు నేను ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను. దీనికి అక్షతలు ఏమిటో చాలాసేపు తోచలేదు. ఆఖరికి, అనేసిన రోజున “మంత్రహీనం క్రియాహీనం” అనుకుని పడుకోవాలని రాసుకున్నాను.

ఈ ఏడాదికి ఇంకో సౌకర్యం ఉంది. పంచాంగం తిరగేస్తే మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం వచ్చింది. అంటే ఈ పరాభవ సంవత్సరానికి పదమూడు నెలలు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు కాబట్టి, సూర్యుడి లెక్కకు ఏటా పదకొండు రోజుల దాకా వెనకబడిపోతుంది. ఆ బాకీ పెరిగి పెరిగి దాదాపు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకు ఒక నెలంత అవుతుంది. అప్పుడు పంచాంగకర్తలు ఒక నెల అదనంగా కలిపి సరిచేస్తారు. వెనకబడ్డ పదకొండు రోజుల్ని పరుగెత్తి అందుకొమ్మని చంద్రుణ్ణి ఎవరూ తరమలేదు. అధికమాసంలో శుభకార్యాలు మొదలుపెట్టరు. నేనూ ఆ నెలలో కొత్తగా ఏదీ మొదలుపెట్టకుండా, అప్పటివరకు జరిగింది చూసుకుని, అవసరమైతే సంకల్పాల్లో మాటలు మార్చుకుందామనుకుంటున్నాను. నాన్న పెన్సిలుతోనే రాసుకున్నారు కదా.

మా అమ్మమ్మ నోములు బాగా నోచేది. ప్రతి నోము కథ చివరా చేతిలోని అక్షతలు తల మీద వేసుకుంటూ, “భక్తి తప్పినా ఫలం తప్పరాదు, కథ లోపమైనా వ్రతం లోపం కారాదు” అనేది. చిన్నప్పుడు ఆ అక్షతలు ఎప్పుడు పడతాయా, ఎప్పుడు లేచి ప్రసాదం దగ్గరికి పరుగెత్తుదామా అని చూసేవాళ్ళం. ఈ నాలుగు సంకల్పాలూ రాసిన కాగితం కింద ఆమె వాక్యం కూడా రాసి, మడిచి, నాన్న వ్రతకల్పంలో ఆ పెన్సిలు గుర్తులున్న పేజీ దగ్గర పెట్టాను.

నిన్న సాయంత్రం వేపచెట్టు దాకా వెళ్ళలేకపోయాం. ఇంకా మూడిళ్ళ దూరం ఉందనగా అమ్మ ఆగిపోయి, కాలు లాగుతోందంది. ఎవరి గేటు పక్కనో చిన్న అరుగు ఉంటే ఆమెను కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. చేతికి వాచీ లేదు. అటు చూస్తే చెట్టు కింద రోడ్డంతా రాలిన పువ్వుతో తెల్లగా ఉంది. అమ్మ కాసేపు చూసి, “ఉగాది అయిపోయినా ఇంకా ఎంత పూత ఉందో చూడు. రేపు ఒక గుడ్డ తీసుకురా, కాస్త ఏరి ఎండబెడదాం, చారులోకి పనికొస్తుంది” అంది. సరేనన్నాను. ఆమె లేచేదాకా అక్కడే ఉన్నాం.